మా అటక మీది కోన్ ఫిల్టర్ గారికి

ఎర్ర టోపీ కోన్ ఫిల్టర్ గారికి, ఒంగోలు నుంచి నమస్కారాలు.

నెల్లూరు నుంచి మా బావమరిది వచ్చి, నా కారెక్కి, "ఏంది బావా, ఎద్దుబండి తోలినట్టుంది" అన్నాడు. ఆ రోషంలో, ఇంజన్‌లోకి పోయే గాలిని వడగట్టే తమరైతే కారుకి బలం పెరుగుతుందని 6,500 పోసి తెచ్చుకున్నాను. ఒంగోలు గిత్తతో పోలిస్తే అది పొగడ్త కిందే లెక్క. ఆ క్షణంలో తట్టలేదు.

బిగించేటప్పుడే తమరి మూతి పైపుకి సరిపోలేదు. షాపు కుర్రాడు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి క్లాంపు బిగించాడు. స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కగానే అరుగు మీద కుక్క లేచి నిలబడింది. మా అమ్మ బయటికొచ్చి, "సైలెన్సర్ ఊడినట్టుంది చూడరా అబ్బయ్యా" అంది. నాకు మాత్రం ఇంజన్‌కి 20 గుర్రాల బలం పెరిగినట్టే వినిపించింది. వినిపించింది, అంతే.

కారుతో వచ్చిన పాత నల్ల ఫిల్టర్ డబ్బా చూపుకి ఆనేది కాదు గానీ, ముక్కు గ్రిల్ వెనక పెట్టి బయటి గాలి పీల్చేది. తమరేమో ఇంజన్ పక్కనే కూర్చుని ఆ వేడే లాగుతారు. గాలి 3 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక శాతం పలచబడుతుంది. గ్రాము పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి తగ్గితే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పెట్రోలూ తగ్గిస్తుంది, బలమూ తగ్గుతుంది. రోహిణీ కార్తెలో మా ఊళ్ళో బయట వీచేదే వడగాలి. తమరు అది చాలదని పొయ్యి పక్కన పీట వేసుకున్నారు!

"ట్యూనింగ్ కూడా చేయిస్తేనే ఫిల్టర్ పవర్ తెలిసేది" అని, ఆ కంప్యూటర్ లెక్కలు మార్చడానికి షాపాయన ల్యాప్‌టాప్ తెరిచాడు. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా నెట్టే టర్బో ఉన్న బండికైతే, ఆ నెట్టుడు (బూస్ట్) పెంచి నిజంగానే బలం రాబట్టొచ్చు, కాదనను. టర్బో లేని నా 1.2 లీటర్ల ఇంజన్‌ని ఎంత పిండితే ఎన్ని చుక్కలొస్తాయి? ఆయన అడిగిన 12 వేలు మిగిలాయి. నా తెలివి వల్ల కాదు, అప్పటికి జేబులో లేక.

మైలేజీ 17 నుంచి 14కి పడింది. ఇందులో తమరి తప్పు లేదు. ఆ శబ్దం వినడానికి నా కుడికాలు ఊరికే ఉండేది కాదు.

ఇక చీమకుర్తి. రోజూ క్వారీ పని మీద గ్రానైట్ లారీల వెనకే నా ప్రయాణం. ఓ సాయంత్రం ఇంజన్ లైటు వెలిగింది. మెకానిక్ పెద్దాయన తమర్ని ఊడదీసి, పైపు లోపల వేలు పెట్టి తిప్పి, నా ముఖం ముందు పెట్టాడు. వేలి కొసన బూడిదరంగు పొడి, సున్నిపిండంత మెత్తగా. సైకిల్ ట్యూబు చిట్లి, దుమ్మంతా ఆ సందులోంచి నేరుగా లోపలికి పోయింది. గాలి కొలిచే సెన్సార్ మీద తమరికి పూసిన నూనె జిడ్డు, దానికి అంటిన దుమ్ము. "పాత డబ్బా ఉందా, పారేశావా?" అన్నాడాయన. తెచ్చిచ్చాను. 350 రూపాయల పేపర్ ఫిల్టర్ వేసి, నా వంక చూడకుండా చేతులు తుడుచుకున్నాడు.

అటక మీద ఆ డబ్బా ఖాళీ చేసిన చోటికి తమరు చేరారు. అక్కడ గోడకి ఎలక కన్నం ఉంది. మా అమ్మ తమర్ని మూతి లోపలికి పెట్టి దూర్చింది. ట్యూబు ముక్క అవసరం లేకుండానే బిగువుగా సరిపోయారు.

ఇట్లు,
తమరి మాజీ యజమాని