చిటికెన వేలు, వీలునామా

(కాకినాడలో ఓ డాబా ఇల్లు. రాత్రి పదిన్నర. సత్యం గారు మంచం మీద పక్కకు ఒరిగి, ఎడమ చేత్తో ఫోన్ ముఖం దగ్గర పెట్టుకుని చదువుతున్నారు. పార్వతి గారు దోమతెర కడుతున్నారు. ఇద్దరు పట్టుకోవాల్సిన తెర ఒక్కరే కట్టుకోవాల్సి రావడం కూడా ఇంటర్నెట్ చలవే.)

సత్యం: పార్వతీ, నాలుగున్నర గంటలే టైముందట.

పార్వతి: దేనికి? రైలుకా?

సత్యం: నా ప్రాణానికి. పక్షవాతం వస్తే నాలుగున్నర గంటల్లోపు రక్తం గడ్డ కరిగే ఇంజెక్షన్ పడాలట. ఎడమ చెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కింది.

పార్వతి: మీ తిమ్మిరి వినాయక చవితికి మొదలైంది. రేపు దసరా. ఆ లెక్కన మనం ఎప్పుడో లేటయ్యాం.

సత్యం: నీకన్నీ వేళాకోళమే.

పార్వతి: వేళాకోళం కాదు. ఇటు తిరిగి నవ్వండి, మూతి వంకర పోయిందేమో చూస్తా.

సత్యం: నవ్వొచ్చే పరిస్థితా ఇది?

పార్వతి: సరే, రెండు చేతులూ పైకెత్తండి. ఆ, రెండూ లేచాయి. మాటా తడబడట్లేదు, ఇందాక పక్కింటాయన్ని తిట్టినప్పుడు వీధి చివరిదాకా వినపడింది. వీటిలో ఏది ఉన్నట్టుండి తేడా కొట్టినా మీతో వాదించను, 108కి ఫోన్ చేస్తా.

సత్యం: పక్షవాతం కాకపోతే గుండె. అదీ కాకపోతే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు.

పార్వతి: పోయిన వారం కిడ్నీలు అన్నారుగా? అవి బాగుపడ్డాయా? ఇంతకీ ఏమని వెతికారు? ఫోనిలా ఇవ్వండి.

సత్యం: అందులో నా సొంత విషయాలుంటాయి.

పార్వతి (లాక్కుని): "ఎడమ చెయ్యి తిమ్మిరి గుండెపోటా." "ఎడమ చెయ్యి తిమ్మిరి పక్షవాతమా." బావుంది. హోటల్‌కెళ్ళి పెసరట్టుందా అనడిగితే ఇడ్లీ తెస్తాడా? గుండెపోటా అనడిగితే గుండెపోటు పేజీలే తెచ్చి పోస్తుంది. ఏ వేళ్ళో ఒక్కసారైనా రాశారా?

సత్యం: వేళ్ళేమిటి మధ్యలో? చెయ్యంటే చెయ్యే.

పార్వతి: ఏ వేళ్ళండీ?

సత్యం: చిటికెన వేలు. దాని పక్కన ఉంగరం వేలు.

పార్వతి: నేననుకున్నదే. అమ్మాయి చెప్పిన మెడ్‌లైన్‌ప్లస్ వెబ్‌సైట్‌లో మధ్యాహ్నం చదివా. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్ళది. ప్రకటనలుండవు, అమ్మేదేం ఉండదు.

సత్యం: అదంతా ఇంగ్లీషు కదే!

పార్వతి: రిటైరయ్యేదాకా బడిలో ఇంగ్లీషు చెప్పిందెవరు, మీరా? వినండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారితే ఎక్కువగా మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినట్టు. చివరి రెండు వేళ్ళయితే మోచేతి దగ్గర నరం. మోచెయ్యి గుమ్మానికి తగిలితే జివ్వుమంటుందే, అదన్నమాట. గంటల తరబడి మోచెయ్యి మడిచి ఉంచితే అది నలిగిపోతుంది.

సత్యం: నేనెప్పుడు మడిచాను?

(ఫోన్ చేజారి చాలాసేపైనా సత్యం గారి మోచెయ్యి మడిచినట్టే ఉంది, అరచెయ్యి ముఖం ఎదుటే ఉంది. ఆయన గమనించి, మెల్లగా దుప్పటి కిందకి దించారు.)

సత్యం: నాకు నీతులు చెబుతున్నావు. బీపీ మాత్రలు అక్కర్లేదని చెప్పే ఆ గడ్డాయన వీడియోలు చూసిందెవరు?

పార్వతి: చూశాను. మాత్ర మానలేదు.

సత్యం: వీడియో కింద కషాయం పొడి 1,499 రూపాయలని ఉంది. అది కొనలేదూ?

పార్వతి: ...

సత్యం: ధనియాల డబ్బా వెనకాల చూశాలే.

పార్వతి: కొన్నాను. వాసన చూసి మూత పెట్టేశాను. మన డాక్టరుగారికి చూపించందే తాగనని ఒట్టు పెట్టుకున్నా.

సత్యం: మరి డబ్బా సగానికొచ్చిందేం?

పార్వతి: అంత డబ్బు పోశాం కదా, వృథా ఎందుకని...

సత్యం: నిన్నటి చారు!

పార్వతి: ఓ చెంచాయే.

సత్యం: చేదుగా ఉందంటే మెంతులు మాడాయన్నావు! నాకేం కలిపి పోశావో నాకే తెలీదు. ఇవ్వు ఫోన్, దాని సైడ్ ఎఫెక్ట్స్ వెతకాలి.

పార్వతి: ఆగండి, ఇక్కడింకేదో ఉంది. "వీలునామా తెల్లకాగితం మీద చెల్లుతుందా."

సత్యం: అది జనరల్ నాలెడ్జి.

పార్వతి: "బావమరిదికి పైసా వెళ్ళకుండా వీలునామా ఎలా రాయాలి." ఇదీ జనరల్ నాలెడ్జేనా? మా తమ్ముడేం చేశాడండీ మిమ్మల్ని?

సత్యం: చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు మనిషికి ఏవేవో ఆలోచనలొస్తాయి.

పార్వతి: రావాలి మరి. ఎల్లుండి పొద్దున్నే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. చెయ్యి చూపిద్దాం, పొడి డబ్బా కూడా చూపిద్దాం. షుగరూ, బీ12 విటమినూ కూడా చూడమని అడుగుదాం, వాటివల్లా తిమ్మిర్లొస్తాయట. ఈలోగా మోచేతికి తువ్వాలు చుట్టుకుని పడుకోండి, రాత్రి మడవకుండా ఉంటుంది.

సత్యం: ఎలా వెళ్తాం? ఆటో కుదుపులకి నరం ఇంకా నలుగుతుందేమో.

పార్వతి: కారొస్తోంది.

సత్యం: ఎవరి కారు?

పార్వతి: మీ బావమరిదిది. సాయంత్రమే ఫోన్ చేశా. పాపం, బావగారికి చెయ్యి బాలేదనగానే సెలవు పెట్టేశాడు. మీ ఫోన్లో ఏం చదివారో తనకీ చూపించమన్నాడు.

(కాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.)

సత్యం: పార్వతీ... ఈ వెతికినవన్నీ చెరిపెయ్యడం ఎలాగే?

పార్వతి (లైటార్పి, ఫోన్ చేతికిస్తూ): వెతుక్కోండి. మోచెయ్యి మడవకుండా.