బావ పీపా, నాన్న తరుగు

మా బావ ఎడిన్‌బరోలో సాఫ్ట్‌వేర్. మందు ముట్టడు, దగ్గు మందు తాగినా మొహం అదోలా పెడతాడు, అలాంటి మనిషి పోయినేడు ఓ మెంబర్స్ ఓన్లీ ప్రీమియం విస్కీ కంపెనీలో డబ్బులు పెట్టాడు. మెంబర్ కాకపోతే గుమ్మం కూడా తొక్కనివ్వరట, ఆ ఒక్క మాటకే పడిపోయుంటాడని నా అనుమానం. షేర్లతో పాటు అప్పటికే 5 ఏళ్ళు నిండిన 250 లీటర్ల పీపా ఒకటి ఆయన పేరు మీద. ఇంట్లో మాత్రం "ఓక్ చెక్క బిజినెస్" అని చెప్పాడు. మరీ అబద్ధమేం కాదు లెండి, స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్ళు ఉండాలని అక్కడ చట్టమే ఉంది.

ఈ వేసవిలో మనవడిని చూడ్డానికి అమ్మా నాన్నా తెనాలి నుంచి వెళ్ళారు, నేనూ లండన్ నుంచి వెళ్ళా. నాన్నకి ఇంట్లో తోచట్లేదని బావ గోడౌన్ చూపించడానికి తీసుకెళ్ళాడు, చెక్క చూద్దామని అమ్మ కూడా బయల్దేరింది, ఆయన వద్దనలేకపోయాడు.

లోపల మసక చీకటి, చలి, వరసగా పీపాలు. అక్కడి కుర్రాడు పొడుగాటి రాగి గొట్టం పీపాలో ముంచి శాంపిల్ తీసేసరికి నాన్న మొహం వెలిగిపోయింది. ధాన్యం బస్తాలో గొట్టం గుచ్చి శాంపిల్ తీయడం ఆయన నలభై ఏళ్ళుగా చూస్తున్నదే కదా. వెంటనే కాగితాలు అడిగారు. నింపినప్పుడు ఎన్ని లీటర్లు, ఇప్పుడెన్ని, కళ్ళజోడు పైకెత్తి చూసి "అల్లుడు గారూ, ముప్పై లీటర్లు తక్కువుందేంటండీ?" అన్నారు.

"ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతుంది మామయ్య గారూ. అది దేవతలు తాగేస్తారని వీళ్ళ నమ్మకం."

"తరుగా!" అన్నారు నాన్న. తేమ 17 శాతం దాటిందని కోత పెట్టే మిల్లు వాళ్ళతో జీవితమంతా కొట్లాడిన మనిషి. "మిల్లు వాడు ఎంత తరుగు తీసినా ఏనాడూ దేవుడి మీదకి నెట్టలేదయ్యా!"

అమ్మ మాత్రం వేరే దగ్గర ఆగిపోయింది. "చెక్కని దేవతలు తాగడమేంటి అల్లుడు గారూ?"

ఆ తర్వాత ఇంటి దాకా కార్లో జీపీఎస్ ఆవిడ తప్ప ఎవరూ మాట్లాడలేదు.

రాత్రి భోజనాల దగ్గర నాన్నే మొదలెట్టారు, సరే కొన్నారు కదా, పీపా ఊరికి తెచ్చేసుకుందాం, మన కళ్ళ ముందుంటే తరుగు ఎలా పోతుందో చూస్తా అని. కుదరదు, 2012 నుంచీ సింగిల్ మాల్ట్‌ని, అంటే ఒకే డిస్టిలరీలో బార్లీతో చేసిన ఇలాంటి స్కాచ్‌ని, పీపాతో స్కాట్లాండ్ దాటనివ్వరు, అక్కడే బాటిల్ చెయ్యాలి అన్నాడు బావ. పోనీ బాటిళ్ళు? ఇండియాలో కస్టమ్స్ 2025లో 150 శాతం, ఆ జూలైలో బ్రిటన్‌తో సంతకం పెట్టిన ఒప్పందం ప్రకారం ముందు 75కి, పదేళ్ళకి 40కి తగ్గుతుందని బావ ఆశగా చెప్పాడు. "అయితే పదేళ్ళు ఆగుదాం" అన్నారు నాన్న. మళ్ళీ ఆయనే "ఆగితే తరుగో?" అన్నారు.

నీళ్ళు కలుపుతారా అని అడిగితే మా కంపెనీ కలపదు, పీపాలో ఎలా ఉంటే అలాగే నింపుతుంది అన్నాడు బావ. ఆ కంపెనీ మీద నాన్నకి కాస్త గౌరవం కలిగింది అప్పుడే. విమానంలో మనిషికి 2 లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చని నేను నోరు జారా. అంతే, కాగితం తిప్పి లెక్క వేసేశారు, ఉన్నది 220 లీటర్లు, 110 మంది కావాలి.

ఆ లెక్క ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో ఎవరు పెట్టారో నేను చెప్పను. తెల్లారేసరికి గుంటూరు బాబాయి నుంచి పెళ్ళిచూపులప్పుడు బావని వద్దన్న పెద్ద మావయ్య దాకా నలభై ఏడు మంది పాస్‌పోర్ట్ మొదటి పేజీ పంపారు, ఇద్దరైతే బూస్టర్ డోస్ సర్టిఫికెట్ కూడా జతచేశారు.