పది రూపాయలు అందాయి

ఒకప్పుడు హోటల్లో టిప్పు ఇవ్వడానికి పెద్ద మనసు అక్కర్లేదు, చిల్లర ఉంటే చాలు. సోంపు ప్లేటులో వచ్చిన నోట్లు ఏరుకుని, మిగిలిన పదో పరకో అక్కడే వదిలేసి లేచేవాళ్లం. ఇచ్చామన్న గొప్ప మనకీ ఉండేది కాదు, పుచ్చుకున్నానన్న మొహమాటం సర్వర్‌కీ ఉండేది కాదు. స్కాన్ చేసి పైసలతో సహా కట్టడం మొదలయ్యాక చిల్లర పోయింది, దాంతోపాటే టిప్పూ పోయింది. ఏ చట్టమూ చేయని మార్పు ఇది.

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో బిర్యానీకి వెళ్లాం. తిన్నది 1,600. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జి, ఆ రెండింటి మీదా 5 శాతం జీఎస్టీ. బావగారు కళ్లజోడు పైకి తోసుకున్నారు.

"2022 జూలైలోనే ఈ సర్వీస్ ఛార్జిని బిల్లులో కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. హోటళ్లవాళ్లు కోర్టుకెక్కితే 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ అదే మాట అంది. ఇవ్వడమా మానడమా అన్నది తినేవాడి ఇష్టం!"

క్యాషియర్ కిక్కురుమనకుండా కొత్త బిల్లు కొట్టించాడు. న్యాయం బావగారి వైపే ఉంది, కాదనను. ఆ ఛార్జిలో సర్వర్ చేతికి ఎంత వెళ్తుందో బిల్లు మీద ఎక్కడా ఉండదు. జీతాలు సరిగ్గా ఇచ్చి, ఆ ఖర్చేదో బిర్యానీ రేటులోనే వేసేస్తే గొడవే ఉండదు. కానీ చిక్కంతా ఆ "ఇష్టం" దగ్గరే వచ్చింది. డబ్బు కట్టేశాక కూడా సర్వర్ కుర్రాడు బల్ల దగ్గరే నిలబడి, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నాడు.

బావగారు జేబులు తడిమారు. ఒక్క నోటు లేదు.

"పర్లేదు సార్, స్కాన్ ఉంది" అంటూ కుర్రాడు ఫోన్ తీశాడు. సాయంత్రాలు వాళ్లమ్మ నడిపే మిర్చిబజ్జీల బండి ఖాతా అట. డబ్బు పడగానే ఆ ఫోన్ పైకి చదువుతుందని మాత్రం చెప్పలేదు.

బావగారు కాస్త అటు తిరిగి, ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో నొక్కారు.

"పది రూపాయలు అందాయి."

మైకులో చెప్పినట్టు వినబడింది. పక్క టేబుల్‌వాళ్లు తినడం ఆపి చూశారు.

"ఏమండీ, ఇప్పుడే కదా 168 మిగిల్చారు!" అంది అక్క, గొంతు తగ్గించే ప్రయత్నమేమీ చేయకుండా.

"సున్నా ఒకటి తక్కువ పడిందే" అని బావగారు మళ్లీ స్కాన్ చేశారు. నెట్‌వర్క్ లేదు, చక్రం తిరుగుతోంది. ఇంతలో,

"అరవై రూపాయలు అందాయి."

బావగారు తలెత్తి, పక్క టేబుల్ వైపు ఠీవిగా చూశారు.

కుర్రాడు ఇబ్బందిగా వంగి, "అది మీది కాదు సార్. బండి దగ్గర ఎవరో బజ్జీలు తీసుకున్నట్టున్నారు" అన్నాడు.