బతుకమ్మ దగ్గర ట్రాక్ ఆపేద్దాం

ఈసారి సద్దుల బతుకమ్మకు, సొంతూరికి దూరంగా ఉంటున్న మన సంఘం వాళ్లు డీజేను మాట్లాడుకునే ముందు నా మాట ఒకటి వినాలని కోరుతున్నాను. ట్రాక్‌లు, అంటే రికార్డు పాటలు, పక్కన పెట్టి, మన గొంతులతోనే పాడుకుంటూ ఆడుదాం. ఇలా అనడానికి మన చెవి పనిచేసే తీరులోనే కారణం ఉంది.

దేవరకొండ దగ్గర మా ఊళ్లో పోయినసారి పండుగకు ఒక పెద్దామె పాట ఎత్తుకుంది. రెండు చరణాలు కాకముందే కోడలు వరసయ్యే ఆమె, "అత్తా, జర కింది నుంచి ఎత్తుకో, మాకు అందుతలేదు" అన్నది. పెద్దామె చప్పట్లు ఆపకుండానే గొంతు దించి మళ్లీ అందుకుంది. ఆ పాటలో ఒక్క స్వరం కూడా ఇందాకటి చోట లేదు. అయినా పాట మారిందని ఎవరికీ అనిపించలేదు, చిన్నపిల్లలతో సహా.

ఎందుకంటే చెవి స్వరాలను ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ వింటుంది. షడ్జమం (స) 200 హెర్ట్జ్, అంటే సెకనుకు 200 కంపనాల దగ్గర ఉంటే, పంచమం (ప) 300 దగ్గర పలుకుతుంది. షడ్జమాన్ని 240కి పెంచితే పంచమం 360కి పోతుంది. లెక్కకు మొదటి తేడా 100, రెండోది 120. చెవికి ఆ లెక్కతో పని లేదు, రెండుచోట్లా ఒకటికి ఒకటిన్నర వంతే కాబట్టి అదే బాణీ అనుకుంటుంది. ఒంటరిగా ఒక స్వరం వినిపిస్తే అది ఫలానా అని చెప్పగలిగేవాళ్లు చాలా అరుదు. బాణీ పట్టుకోవడం మాత్రం దాదాపు అందరికీ వచ్చు. నాయనమ్మ 200 దగ్గర పాడుతుంటే మనవరాలు 400 దగ్గర గొంతు కలుపుతుంది. నాయనమ్మ గొంతులో 400, 600, 800 కూడా సన్నగా మోగుతూనే ఉంటాయి. మనవరాలి స్వరం అందులో ఇమిడిపోతుంది.

ట్రాక్‌కు ఈ సర్దుబాటు చేతకాదు. స్టూడియోలో ఎవరో గాయనికి కుదిరిన శ్రుతి అది. అరవై దాటిన వాళ్లకు అందదు, కాసేపు ప్రయత్నించి నోరు మూసుకుంటారు. పాటలన్నీ నోటికి వచ్చినవాళ్లే మాట్లాడకుండా చుట్టూ తిరుగుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇంకా బాధ కలిగించేది, ఫోన్‌లో స్వరాన్ని కొలిచే ట్యూనర్ యాప్ పెట్టి పెద్దవాళ్ల గొంతు శ్రుతి తప్పిందనడం. కీబోర్డు మీద పక్కపక్క స్వరాల మధ్య దూరాన్ని వంద సెంట్లుగా లెక్కిస్తారు. షడ్జమంతో సహజంగా కలిసిపోయే అంతర గాంధారం (గ) దాని నుంచి 386 సెంట్ల దగ్గర ఉంటే, కీబోర్డులో దాన్ని 400కు బిగించారు. అన్ని శ్రుతుల్లోనూ వాయించుకునే వీలు కోసం చేసుకున్న ఏర్పాటు అది. దాన్ని కొలబద్దగా పట్టుకుని మనిషి గొంతును తప్పు పట్టడం అన్యాయం.

మన పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం చూడండి. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య కథ చెబుతూ తానే వాయిస్తారు. గొంతు, వాద్యం ఒక్క మనిషి చేతిలోనే ఉంటాయి కాబట్టి ఒకదానికొకటి సర్దుకుంటాయి, ట్రాక్‌లా కాదు.

పిల్లల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. 1990లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, ఆరు నెలల పసివాళ్లు పాశ్చాత్య స్వరాల్లో వచ్చిన తేడానూ, జావా దీవి స్వరాల్లో వచ్చిన తేడానూ సమానంగా గుర్తుపట్టారు. పెద్దవాళ్లు మాత్రం తమకు అలవాటైన స్వరాల్లోనే బాగా పట్టుకోగలిగారు. 2016లో బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజలకు వినిపిస్తే, పాశ్చాత్యులు కర్ణకఠోరం అనుకునే స్వరాల కలయికలు కూడా వాళ్లకు మిగతావాటిలాగే ఇంపుగా తోచాయి. అంటే చెవి చాలావరకు విన్నదాన్ని బట్టే తయారవుతుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలు ఏడాది పొడుగునా కీబోర్డు స్వరాలే వింటున్నారు. మనమంతా కూడి ఆడే ఆ ఒక్క సాయంత్రమైనా వాళ్ల చెవిన అమ్మమ్మల గొంతు పడనిద్దాం.

పాటలు రావు, ట్రాక్ లేకపోతే టెన్షన్ అని కొందరు అక్కచెల్లెళ్లు అంటున్నారు. ఇంట్లో నేర్చుకోవడానికి ట్రాక్ మంచిదే, నెల ముందే వాట్సాప్‌లో పంపుకుందాం. ఆట దగ్గర మాత్రం ఒక్క మైకు చాలు. నల్లగొండ, పాలమూరు నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న అమ్మలను ముందే అడిగి, మొదటి పాట వాళ్లతో ఎత్తించండి. ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో వాళ్లకే వదిలేయండి.