రెండు తలుపులూ రైతు మీదికేనా?

పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం రద్దును 2025 ఆగస్టు చివర్లో కేంద్రం డిసెంబరు 31 దాకా పొడిగించింది. ఆ నెల 19న సుంకం ఎత్తేసినప్పుడు సెప్టెంబరు 30 వరకేనన్నారు. ఆ మాట పది రోజులు కూడా నిలవలేదు. సెప్టెంబరుతో ఆగి ఉంటే కొంతలో కొంత సర్దుకునేవాళ్లం, అప్పటికి మన చేలల్లో పత్తి ఏరడం సరిగా మొదలే కాదు. డిసెంబరు సంగతి వేరు. మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల వైపు చిన్న రైతు పత్తిలో సింహభాగం అమ్ముడయ్యేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. సరిగ్గా ఆ మూడు నెలలకు విదేశీ దూదికి తలుపులు బార్లా తెరిచారు. రైతుకు గోడలా నిలబడతానని ప్రధాని ఎర్రకోట మీంచి చెప్పిన నాలుగో రోజునే సుంకం పోయింది.

2025 ఆగస్టులో అమెరికా వేసిన 50 శాతం సుంకంతో వస్త్ర మిల్లులు దెబ్బతిన్నాయి, వాటికి ముడిసరుకు చౌకగా అందాలన్న వాదన ఉంది. కాదనం. ఆ దెబ్బ ఎవరి వీపు మీదికి మళ్లిందన్నదే ప్రశ్న.

దేశం అమ్మే సరుకుల ధరకూ, కొనే సరుకుల ధరకూ ఉన్న నిష్పత్తినే అర్థశాస్త్రంలో వర్తక నిబంధనలంటారు. ఎగుమతి ధరల సూచీని దిగుమతి ధరల సూచీతో భాగించి 100తో హెచ్చిస్తే వచ్చే అంకె అది. 100 నుంచి 90కి పడిందంటే, నిన్నటంత చమురే తెచ్చుకోవడానికి 11 శాతం ఎక్కువ సరుకు పంపాలి. ముడిచమురులో 85 శాతానికి పైగా బయట కొనే దేశానికి ఇది చిన్న విషయం కాదు. పెద్ద గిరాకీ ఉన్న దేశం సుంకం వేస్తే, అమ్మేవాళ్లు బేరం పోకుండా ధర తగ్గించుకుని అందులో కొంత తామే భరిస్తారు. 2025లో అమెరికా సుంకంతో మనకు జరిగింది అదే. ఈ నష్టం దేశానిది. దేశంలో ఎవరు మోయాలన్నది మాత్రం ఢిల్లీ నిర్ణయం. ఎగుమతిదారు మిల్లు మీదికి, మిల్లు జిన్నింగ్ (పత్తి నుంచి గింజ తీసే మిల్లు) మీదికి, జిన్నింగ్ రైతు మీదికి నెట్టేస్తే, రైతుకు నెట్టడానికి ఎవరూ మిగలరు.

లెక్క చూడండి. క్యాండీ అంటే 356 కిలోల దూది. క్వింటా పత్తిలో దూది సుమారు 34 కిలోలే, కాబట్టి క్యాండీకి పదిన్నర క్వింటాళ్ల పత్తి కావాలి. విదేశీ దూది క్యాండీ 50 వేలకు దిగిందనుకుంటే పోయిన సుంకం 5,500. క్వింటా పత్తికి అది 520 రూపాయల పైమాటే. 2025లో పెంచామని చెప్పుకున్న మద్దతు ధర పెంపు 589. పెంపును దాదాపు పూర్తిగా మింగే సుంకం రద్దు అన్నమాట.

2022 ఏప్రిల్‌లోనూ ఇలాగే ఎత్తేశారు. అప్పుడు క్యాండీ లక్షకు చేరువైంది, ధర మండుతోందన్నారు. 2025లో ధర పడి ఉంది, అయినా ఎత్తేశారు. మరి ఏ ధరకు ఈ సుంకం ఉంటుంది? 2023లో ప్రపంచ మార్కెట్లో బియ్యం ధర బాగా పెరిగినప్పుడు, అంటే నిష్పత్తి మనవైపు మొగ్గినప్పుడు, జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశారు. ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. మిర్యాలగూడ మిల్లులకు ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కందిదీ అదే కథ. 2021లో దిగుమతిపై పరిమితి ఎత్తేశారు, 2023లో సుంకమూ తీసేశారు, దాన్ని 2026 మార్చి దాకా పొడిగించారు. నారాయణపేట, తాండూరు రైతు మద్దతు ధరకు కిందే అమ్ముకున్నాడు. ధర పెరిగితే ఎగుమతి బంద్, తగ్గితే దిగుమతి బార్లా. ఎటు తిప్పినా రైతుకే కోత.

మద్దతు ధర ఉంది కదా, సీసీఐ (భారత పత్తి సంస్థ) కొంటుంది కదా అంటారు. 2025-26లో పొడవు పింజకు క్వింటాకు 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపైన ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. 12 ఉంటే చేతికొచ్చేది 7,786. 12 దాటిందా, కొనరు. వానలు తగ్గని అక్టోబరులో తొలిసారి ఏరిన పత్తికి తేమ ఎంతుంటుందో కొనుగోలు కేంద్రంలో మీటరు గుచ్చే మనిషిని అడగండి. వెనక్కి పంపిన బండి నేరుగా పోయేది దళారి కాంటాకే. అక్కడ ధర నిర్ణయించేది ఓడలో వచ్చిన దూది. ఇక యూరియా బస్తా కోసం సొసైటీల ముందు చెప్పులు వరుసలో పెట్టించిన ఏడాది 2025. ఆ ఖర్చు ఎవరు లెక్కేశారు?

మద్దతు ధర సిఫారసు చేసే సీఏసీపీ (వ్యవసాయ వ్యయ, ధరల కమిషన్) పరిశీలించే అంశాల్లో వ్యవసాయానికీ ఇతర రంగాలకూ మధ్య వర్తక నిబంధనలూ ఒకటి. కాగితం మీద. ఆ కమిషన్ కట్టిన లెక్కను రెవెన్యూ శాఖ ఆగస్టులో ఒక్క నోటిఫికేషన్‌తో చెరిపేస్తే కమిషన్ ఎందుకు?

మిల్లులకు సాయం చేయదలిస్తే ఖజానా నుంచి చేయండి, వడ్డీ రాయితీ ఇవ్వండి. ఆ పొడిగింపును రద్దు చేసి సెప్టెంబరు 30తోనే ముగించాల్సింది. అక్టోబరు మొదటి వారానికే కేంద్రాలు తెరవండి, 12 శాతం దాటిన పత్తిని తిప్పి పంపకుండా ఆరబెట్టుకునే చోటు యార్డుల్లోనే చూపండి. నల్లగొండ, పాలమూరు ఎంపీలు ఏ పార్టీ వారైనా సరే, ఇలాంటి నోటిఫికేషన్ల మీద ఢిల్లీలో గట్టిగా నిలదీయాలి. జనవరి 1న సుంకం మళ్లీ వేసి రైతును కాపాడామని మాత్రం చెప్పుకోవద్దు. అప్పటికి మా చేలల్లో ఉండేది పత్తి కట్టె.