బీర్ గేమ్ గారికి ఓ ఎంబీఏ లెక్చరర్ రాయునది

మహారాజశ్రీ బీర్ గేమ్ గారికి, ఉభయకుశలోపరి.

1960ల్లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో, సరుకు ఫ్యాక్టరీ నుంచి కొట్టుదాకా చేరే తీరు (సప్లై చైన్) నేర్పే క్లాసు ఆటగా పుట్టి, దేశదేశాలు తిరిగి, మా కాలేజీకి కూడా వేంచేశారు, సంతోషం. చుక్క బీరు లేకుండా ఆ పేరెందుకు పెట్టుకున్నారో గానీ, టైమ్‌టేబుల్‌లో మిమ్మల్ని చూసి మా ప్రిన్సిపాల్ గారికి బీపీ పెరిగింది. 'సప్లై చైన్ యాక్టివిటీ' అని మారిస్తే గానీ సంతకం పెట్టలేదు.

టీంకి నలుగురు: రిటైలరు, హోల్‌సేలరు, డిస్ట్రిబ్యూటరు, ఫ్యాక్టరీ. ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, ఆర్డరు చీటీ జరపాలంతే. స్టాకు మిగిలితే కేసుకి వారానికి అర డాలరు, సరుకివ్వలేక బాకీ పడితే డాలరు. పెట్టిన ఆర్డరు చేతికందడానికి వారాలు పడుతుంది, ఈలోపు కంగారుపడి ఇంకోటి పెడతారు. ఇంతా చేస్తే కస్టమరు మొదట్లో వారానికి 4 కేసులు అడుగుతాడు, ఐదో వారం నుంచి 8. ఆ తర్వాత పాపం మాట మార్చడు.

ఈ రహస్యం మా పిల్లలకు ముందే తెలుసు. "8 దాటదు మామా" అని సీనియర్లు వాట్సాప్‌లో పెట్టేశారు. అయినా పక్కవాడు ఎక్కడ కంగారు పడతాడోనని వీడు ముందే కంగారు పడి పెంచుకుంటూ పోతే, ఫ్యాక్టరీ సీట్లో వాడికి 40 కేసుల చీటీ వచ్చింది. "సార్ ఈసారి నంబరు మార్చేశాడురా" అనుకుని వాడు 60 తయారుచేశాడు! 1989లో ఎంఐటీ ప్రొఫెసరు జాన్ స్టెర్మన్ లెక్క కడితే టీంల ఖర్చు సగటున అవ్వాల్సిన దానికి పదింతలు తేలింది. మావాళ్లు ఆ సంప్రదాయం నిలబెట్టారు.

ఇక మీ మీద గౌరవం సంగతి. "సార్, దీనికి ఇంటర్నల్ మార్కులున్నాయా?" అని మొదటి ప్రశ్న. ఉన్నాయంటే కాలిక్యులేటర్లు, లేవంటే రీల్సు. స్టాఫ్ రూంలో ఒక పెద్దాయన, "బుల్‌విప్ (కస్టమరు దగ్గరి చిన్న మార్పు ఫ్యాక్టరీ చేరేసరికి కొండంత కావడం) డెఫినిషన్ పది నిమిషాల్లో రాయించేస్తా, ఈ ఆటలెందుకయ్యా" అంటారు. పరీక్షలో అడిగేదీ అదే కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేను. ఇంకొకాయనకి మాత్రం మీరంటే ప్రాణం: ఆట మొదలుపెట్టించి వెనక బెంచీలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటారు. ఆట అయ్యాక గ్రాఫు ముందు పెట్టి "ఇక్కడ ఇంత ఎందుకు పెట్టావురా" అని నిలదీస్తేనే కదా మీ వల్ల ఏదైనా వచ్చేది, ఆ ఊసే ఉండదు.

50 వారాలని చెప్పి 36కే ఆపేయడం, చివర్లో ఎవడూ స్టాకు దులిపేసుకోకుండా, మీ పాత ఎత్తు. మా దగ్గర ఆ శ్రమ అక్కర్లేకపోయింది. ఇరవయ్యో వారానికే లంచ్ బెల్లు కొట్టారు, రిటైలరు హోల్‌సేలరుని తిడుతూ, హోల్‌సేలరు ఫ్యాక్టరీని తిడుతూ, అందరూ కలిసి నన్ను తిడుతూ క్యాంటీన్‌కి పోయారు.

వచ్చే సెమిస్టర్‌కి మీకు రెండు పీరియడ్లు కలిపి ఇమ్మని అడిగాను, ఒకటి ఆటకి, ఒకటి ఆ తగువుకి. తగువు సిలబస్‌లో లేదట. రిపోర్టు, నాలుగు ఫోటోలు మాత్రం సాయంత్రంలోగా పంపమన్నారు, పిల్లలు నవ్వుతూ ఉండాలట.

ఇట్లు,
మీ సప్లై చైన్ లెక్చరర్