సవరణ: ఆటోపే గొడవ మీద మొన్న నేను రాసినదాంట్లో రెండు తప్పులు

మొన్న ఆదివారం కోపంలో రాసేశా కదా, నెట్ కనెక్షన్ తీయించేసి రెండు నెలలైనా కంపెనీవాడు ఆటోపేలో (మన ఖాతాలోంచి బిల్లు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) 943 రూపాయలు లాగేశాడు, ముందు ఒక్క మెసేజ్ లేదు, కేసు వేద్దామంటే వాడి ఆఫీసున్న బెంగుళూరు పోవాలి అని.

మెసేజ్ వచ్చిందండీ. మా ఆవిడ ఫోన్ లాక్కుని వెతికితే, లోన్ ఇస్తాం, మధురవాడలో ఫ్లాట్లున్నాయి అనే చెత్త మధ్యలో ముందురోజు పొద్దున్న 10:12కి వచ్చింది దొరికింది. రిజర్వు బ్యాంకు రూల్ ప్రకారం కనీసం 24 గంటల ముందు చెప్పాలి, చెప్పారు, చూడంది నేనే. మామూలుగా 15,000 లోపు ఆటోపేకి ప్రతిసారీ పిన్ కూడా అడగరు కాబట్టి ఆ మెసేజ్ ఒక్కటే మనకి దిక్కు.

బెంగుళూరు మాట కూడా తప్పే. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉన్న ఊళ్లోనే, అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు, కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అంతదాకా ఎందుకనుకుంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, నేను చేశా.

మిగతాదంతా నిజమే, ఒక్క ముక్క వెనక్కి తీసుకోను. రౌటర్ తిరిగిచ్చిన రసీదు నా దగ్గరుంది. వాళ్ల చాట్‌లో ఆ రసీదు ఫొటో నాలుగుసార్లు పెడితే నాలుగుసార్లూ "మీ కొత్త కనెక్షన్ ఏ ఏరియాలో కావాలి?" అంటాది, ఏటి చెప్తాం! యూపీఐ యాప్‌లోకెళ్లి ఆటోపే నేనే కేన్సిల్ చేసేశా, 943 మాత్రం ఇంకా రాలేదు.